పంపాయన

నాకు మూడు పేర్లున్నయి.
సర్టిఫికెట్ల మైసయ్య,
బాప్తిస్మం నాడు పాస్టరయ్య పెట్టింది ఇస్సాకు,
నాంపల్లి చుట్టుపక్కల ఊర్లకు మాత్రం
పంపాయన.

మూడో పేరుకే ఎక్కువ పలికేటోణ్ణి.
సైకిల్ క్యారియర్ మీద స్పానర్ల సంచి,
గ్రీసు డబ్బా, తోలు వాషర్లు.
హ్యాండిల్ చప్పుడు దూరంకెల్లే చెప్పేది
లోపల ఏం తెగిందో.
పది పైపులు పైకి గుంజి పదకొండోది పట్టుకున్నప్పుడు
బిందెలన్నీ ఊపిరి బిగబట్టేవి.
మొదటి ధార పడి ఆడోళ్ళు నవ్వితే
నేనెందుకు పుట్టిన్నో
ఎవరూ చెప్పనక్కర లేకుండె.

తర్వాత ఆఫీసోళ్ళు సీసాలు పట్టుకొని వచ్చిన్రు.
నీళ్ళు తీసుకపోయిన్రు, కాయితం తెచ్చిన్రు.
ఫ్లోరైడట.
నా చేతికే బ్రష్షిచ్చి ఎర్ర రంగు పూయమన్నరు.
ఎర్రదంటే తాగొద్దు.
ఒక్కొక్క పంపుకు పూసుకుంట పోయిన,
మా వాడకట్టు పంపు కాడ
చెయ్యి లేవలె.

ఆ నీళ్ళే మా అక్క దానమ్మ తాగింది.
నేనేసిన వాషరు, నేను బిగించిన గొలుసు,
ఆగిన ప్రతిసారి ఉరికి ఉరికి బాగుచేసిన.
ఇప్పుడామె నడుము కొడవలి.

కృష్ణ నీళ్ళొచ్చినయి, మంచిదే.
ఇంటింటికి నల్ల, తిప్పితే పారుతది.
సంచి మొలకు ఏలాడుతున్నది,
నేను అరుగు మీద.
ఎవరూ పిలువరు, ఏ పేరుతోటీ.
అరిగిన వాషర్ను ఏం చేస్తరో నాకు తెల్వదా,
ఎన్ని విసిరేసిన్నో తుమ్మచెట్ల దిక్కు,
ఎన్నడన్న ఎనక్కి చూసిన్నా?

ఆదివారం అక్కను సైకిల్ మీద కూసోబెట్టి
నూకుకుంట చర్చికి పోత.
అందరు మోకాళ్ళూనితే ఆమె ప్లాస్టిక్ కుర్చీల.
ఒక బడిపిల్ల జాలిగ చూస్తే అన్నది:
"నాకు మోకాళ్ళు వంగవు బిడ్డా,
అందుకే ఆయన్నే వంగుతడు.
కాళ్ళు కడిగినోనికి అలవాటే గద."

ఆ దినం వాక్యం బాయి కాడిది.
సమరయ ఆమె, కడవ, మిట్టమధ్యాహ్నం.
ఎన్నిసార్లు విన్నా
నేను ఆ బాయి లోతే లెక్కగట్టేటోణ్ణి,
ఎన్ని పైపులు పడ్తయి, ఎక్కడ రాయి తగుల్తదని.
ఆ దినం ఆయన చేతులు కనపడ్డయి.
చేద లేదు. తాడు లేదు.
నడిచి నడిచి ఒడ్డు మీద కూలబడ్డ మనిషి.
లోకాన్ని చేసినోడు
గుక్కెడు నీళ్ళకు పరాయి ఆడామెను అడుగుతున్నడు.

పనిముట్టు లేని దేవుడు!
నవ్వొచ్చింది, ఆ నవ్వుల్నే ఏడుపొచ్చింది.
పంపు నడిస్తే నేనున్నట్టు,
ఆగితే లేనట్టు
ఇన్నేండ్లు బతికిన.
ఆయన ఊరికే కూసున్నప్పుడు గూడ
ఆయనే.

అక్క ఎముకల లెక్క ఎవరు చూస్తరో
నాకింక తెల్వదు. అడుగుతనే ఉన్న.
గోర్ల సందుల ఎర్ర రంగు ఉన్నట్టే ఉంటది.
ఆ చేతులతోనే ప్రార్థన చేస్తున్న,
ఇప్పటిదాక వద్దనలె.

పేరు పెట్టిన నాడు పాస్టరయ్య చెప్పిండు:
పూడ్చిన బాయిలు మళ్ళ తవ్వినోడట ఇస్సాకు.
రెండు బాయిల కాడ కొట్లాటనట,
మూడోదాని కాడ జాగ దొరికిందట.
అప్పుడు పిల్లగాణ్ణి, జాగంటే భూమి అనుకున్న.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
చీకట్లకెల్లి అక్క పిలిచింది:
"ఇస్సాకూ, దూపైతున్నదిరా."
తడుముకుంట పోయి లోటా నింపిన,
మెడ కింద చెయ్యి పెట్టి లేపిన.
సగం తాగి ఆగి
"నువ్వు తాగినవారా?" అన్నది.

ఎన్నేండ్లాయెనో ఆ మాట ఎవరన్న అడిగి.
మిగిలిన సగం
నేను తాగిన.