అంటు

కడపలో మే నెల. బయట నలభై నాలుగు డిగ్రీలు.
ఇంక్యుబేటర్‌లో ముప్పై ఏడు.
ఈ ఊర్లో అందరికన్నా చల్లగా ఉండేది
నేను పెంచే సూక్ష్మజీవులే.

అసలు క్షయ క్రిమి కాదివి, దాని సాధు చుట్టాలు.
మూడు రోజుల్లో మొలుస్తాయి, మనుషుల జోలికి రావు.
వాటికి క్షయ క్రిమి ప్రోటీన్లు రెండు అరువిచ్చి
అవి ఒకదాన్నొకటి అంటుకుంటాయా లేదా
కనిపెట్టడం నా పని.

కంటికి కనపడే వ్యవహారం కాదు.
బతకడానికి కావలసిన ఎంజైము ఒకదాన్ని రెండుగా తుంచి
చెరో ప్రోటీను తోకకు చెరో ముక్క కడతాను.
మందు కలిపిన పళ్లెంలో పరుస్తాను.
ప్రోటీన్లు తగులుకుంటే ముక్కలు కలుస్తాయి,
కలిస్తే జీవి బతుకుతుంది.
తెల్లటి చుక్క పొడిచిందంటే
లోపలెక్కడో చేయి చేయి కలిసినట్టు.

నలభై ఐదు జతలు. నలభై ఐదు ఖాళీ పళ్లాలు.
నలభై ఆరోదాంట్లో మొలిచింది!
పరుగున పోయి సుగుణావతి మేడమ్‌ని పిలుచుకొచ్చాను.
ఆమె కళ్లద్దాలు పైకి నెట్టి అడిగింది:
"ఉత్త ముక్కలతో వేసిన పళ్లెం చూశావా, మాబున్నీ?"
చూడలేదు.
అందులోనూ మొలిచింది.
మందు కలిపేటప్పుడు ఒక సున్నా తప్పాను. అంతే.

ఆదివారం ఎర్రగుంట్ల బస్సెక్కాను.
మా తాత దూదేకి దగ్గినాడు.
చిన్నాయన దస్తగిరి రాయేకి దగ్గుతున్నాడు,
ఇరవై రెండేళ్లు బండలకు పాలిష్ పట్టి.
ఆయన మంచం కింద ఒక పళ్లెం, ఒక స్టీలు గ్లాసు,
గ్లాసు మీద గుర్తుకు ఎర్ర గోళ్లరంగు చుక్క.
"అంటు" అంది చిన్నమ్మ, గొంతు తగ్గించి.

చెప్పాను: ఇది గ్లాసుల్లో రాదు చిన్నమ్మా, గాల్లో వస్తుంది,
రెండు నెలలు మాత్రలు మింగినాడు, కఫంలో ఇప్పుడేమీ లేదు.
రోజూ ఎదురుగా నిలబడి మింగించే ఓబుళమ్మ కూడా
అదే చెప్పిందంట.
చిన్నమ్మ తలూపింది.
గ్లాసు వేరేగానే కడిగింది.

అప్పుడాయనకు దగ్గొచ్చింది.
నా కుర్చీ జరిగింది.
జానెడు, అంతకన్నా లేదు.
నేనే జరిపాను.
ఆయన చూశాడు. గోడ వైపు తిరిగి
మిగతా దగ్గు దగ్గాడు.

మామిడికి కడితే కాయలిస్తుంది అంటు.
గిన్నెలకుంటే తోమితే పోతుంది.
మనిషికి ఉందంటే చాలు, మంచం వేరు.
నా నోటుపుస్తకంలో మాత్రం ఆ మాట పక్కన
ఒక్క టిక్కు పెట్టాలని
పదకొండు నెలలుగా కాచుకున్నాను.

"ఏం చదువు మ్మే అది?" కాసేపటికి అడిగాడు.
క్రిమి కడుపులో ఒక విషం, ఒక విరుగుడు
పట్టుకొని పడుకుంటాయి చిన్నాయనా,
ఆ పట్టు యాడుందో తెలిస్తే
మధ్యలో మందు దూర్చి విడదీయొచ్చు,
దాని విషం దాన్నే తింటుంది, అన్నాను.

"బండ చీల్చేదీ అంతే కదా" అన్నాడు.
"పొర యాడుందో కన్ను చెప్పదు. సుత్తితో తట్టి వినాల.
ఖంగున మోగితే రాయి. బొంగురుగా పలికితే పొర.
ఉలి ఆడ పెట్టాల."
రెండు వేళ్లతో తన రొమ్ము తట్టుకున్నాడు.
"డాక్టరూ ఇట్లనే ఇన్యాడు.
ఏం పలికిందో నాకు చెప్పలా."

సోమవారం మందు మళ్లీ కలిపాను,
సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టి.
ఉత్త ముక్కల పళ్లెం ముందు వేశాను.
తర్వాత నలభై ఏడో జత.
మూడు రోజులు ఆగాలి.

పళ్లాల సంగతి సరే.
వచ్చే ఆదివారం కుర్చీ ఎక్కడ వేసుకోవాలో
ఇప్పట్నించే ఆలోచిస్తున్నాను.