చిటికెనవేలి మీట

సాక్సోఫోన్ అంటే వట్టి ఇత్తడి అనుకుంటరు అందరు.
దాని కడుపుల తోలు ఉంటది.
ఇరవైకి పైన బిళ్లలు,
తూటు తూటుకు ఒక మూత.
మేకతోలు పలుచగ గీకి, అడుగున మెత్త పెట్టి,
లక్క కాచి అతికిస్తేనే
గాలి చెప్పిన మాట ఇంటది.

ఈ సంగతి నాకు చెప్పినోడు జన్ను ఏలియా.
మట్టెవాడల మా చెప్పుల దుకాణం మెట్ల మీద
జరమొచ్చిన పిల్లను ఒళ్లె పండబెట్టుకున్నట్టు
దాన్ని పెట్టుకొని కూసున్నడు.
వానికి పందొమ్మిది, నాకు ఇరవై రెండు.
వాళ్ల నాయిన కాజీపేట లోకోషెడ్డుల బొగ్గేసెటోడు.
రైల్వే ఇనిస్టిట్యూట్ల డాన్సులకు వాయించే గార్డు హెండ్రిక్స్
దేశం ఇడిసి పోతు పోతు
సామాన్ల పట్టక వీనికిచ్చిండు.
అప్పటికే సగం బిళ్లలు ఎలుకలు తిన్నయి.

అసలువి తెప్పించాలంటే నాలుగు బరాత్‌ల పైసలు.
నేనే కోసిన.
మెత్తకు ఏది దొరకక
కొమ్మాల జాతరల కొన్న మా తాత గొంగడి
ఒక కొస కత్తిరించిన. తాత తిట్టిండు.
లక్క గాజుల షాహిదా బేగం చిటికెడు లక్క ఇచ్చింది.

అన్నీ సక్కగ మూసుకున్నయి, ఒక్కటి తప్ప.
ఎడమ చేతి చిటికెనవేలి మీట కింద బిళ్ల.
కింది స్వరాలకు దిగితే చాలు
బుస్సుమనేది.
మల్ల ఏస్త, ఇయ్యిరా అన్న.
ఇయ్యాల పెండ్లి ఉన్నది, రేపు అన్నడు.
రేపు బొంబాయి రైలెక్కిండు.

అటెన్క అన్నీ ఇన్నవే.
హోటల్ల రాత్రి రెండు దాకా
చెంచాల చప్పుడు మీద వాయించిండట.
సినిమా పాటలకు మూడో వరుసల కూసున్నడట,
పేరు పడలేదట.
ఏదో మంచు దేశంల, ముందట కాయితం లేకుంట,
అప్పటికప్పుడు పుట్టిచ్చుకుంట నలభై నిమిషాలు వాయిస్తె
జనం లేచి నిలబడ్డరట.
ఈ 'అట'లన్ని ఎండకాలం దుమ్ము లెక్క
దుకాణంలకు వచ్చేటివి,
ఊడ్చి పనిల పడేటోణ్ణి.
ఒక్కటే గొంతుల ముల్లయింది:
అంత పెద్ద సభల
నా బిళ్ల బుస్సుమన్నదా?

ఆజంజాహి మిల్లు మూతపడ్డది.
బ్యాండు మేళం పోయి డీజే బండ్లొచ్చినయి.
నా కండ్లకు పొర కమ్మింది.

మొన్న వానకాలం
ఏలియా చెల్లె బిడ్డ సువార్త
మామ సొంతంగ కట్టిందని ఫోన్ల పెట్టింది.
పేరు 'డౌన్ లైన్' అట.
మొదలు గూడ్సు బండి కదిలినట్టు పియానో.
ఎనక డ్రమ్ములు. ఇని ఇని గుర్తుపట్టిన,
మన డప్పు దరువే,
కోటు తొడుక్కున్నది.
అప్పుడు వీడు దిగుడు మొదలువెట్టిండు
మెట్టు మెట్టు, బాయిలకు దిగినట్టు,
నాకు చెమట.
బుస్.

పియానో ఆగింది. డ్రమ్ములాగినయి.
ఆ బుస్సు అయిపోయేదాక
అందరు నిలబడి, అప్పుడు నడిచిండ్రు.
మల్ల దిగిండు. మల్ల బుస్.
అదే జాగల, అదే లెక్కకు, ఏడుసార్లు.
కాయితం మీద అక్కడ మామ స్వరం రాయడట,
ఒక సున్నా పెట్టి
నడుమ చుక్క పెడ్తడట.
వాయించేటోళ్లు ఇదేం గుర్తని అడుగుతరట.
నాకెరుక అది ఏం బొమ్మనో.

మాఘమాసంల వచ్చిండు, నెత్తి తెల్లగైంది.
అవే మెట్ల మీద పెట్టె తెరిసిండు.
బిళ్లలన్ని నాలుగుసార్లు మార్పిచ్చిండు,
ఇటలీవట, నున్నగ ఉన్నయి.
ఒక్కటి మాత్రం నల్లగ,
అంచుకు గొంగడి పోగు బయటికొచ్చి.
"వాన పడితే ఇంక గొర్రె వాసన వస్తది" అన్నడు.

బొటనవేలుతోటి ఒత్తి చూసిన.
వెంట్రుకంత సందు.
దీపం ముట్టిచ్చి లక్క కరగబెడితే
ఐదు నిమిషాల పని.
దీపం దిక్కు ఒకసారి చూసి
చాయ్ చెప్పిన.