వంకర స్టిక్కరు

డడ్లీలో కాలువ పక్కన మా గోడౌను.
ఫిబ్రవరి. హీటరు ఒక వైపే పనిచేస్తుంది.
పొద్దున్నే సూపర్‌వైజరు చెప్పాడు:
ఇవాళ డ్రమ్మర్ గారొస్తున్నారు,
ఫొటోలు అడక్కండి,
కుర్చీలో దిండు వెయ్యండి.

స్లాగ్‌హీత్. యాభై ఏళ్ళ బ్యాండు.
పదకొండేళ్ళ తర్వాత కొత్త ఆల్బమ్.
లండన్ నుంచి కంపెనీ అమ్మాయి ఇమోజెన్ వచ్చింది,
చంకలో లాప్‌టాప్, చెవిలో ఎవరో.
"పాటలు అవే, రంగులు ఐదు" అంది.
కాలువ పాచి, కొలిమి ఎరుపు, పొగమంచు,
మామూలు నలుపు,
చిన్న షాపులకి మాత్రమే ఇచ్చేది ఇంకొకటి,
పేరు తోచక దానికి "వాన" అని పెట్టారట.
ఐదూ కొనేవాళ్ళుంటారా అన్నాను.
"వాళ్ళున్నారనే కదా ఐదు" అంది,
బయట చలిగా ఉంది అన్నంత మామూలుగా.
ఒకే గుమ్మడికాయ, ఐదు సంతలు.

స్టిక్కరు నా వాటా.
గుండ్రంగా, బంగారు రంగులో:
"ఎనభై ఒకటి తర్వాత ఇంత గొప్పది రాలేదు!"
కుడి పైమూల, అంచుకి వేలెడు దూరం,
వంకర పోకూడదు.
పోయిన ఆల్బమ్‌కీ ఇదే అతికించాను.
అంతకుముందు దానికీ.
గోడకి మేకులా దిగిపోయింది ఆ ఎనభై ఒకటి,
తర్వాత చేసినవన్నీ దానికే తగిలిస్తున్నారు
తడి కోట్లలాగా.

అట్ట మీద నలుగురూ వెనక్కి తిరిగి నిలబడ్డారు.
వీపులకి ముడతలు కనబడవు.

పది దాటాక వచ్చాడు క్లెమ్ పార్జిటర్.
బస్సులో వచ్చాడు. ఫ్లాస్కు తెచ్చుకున్నాడు.
దిండు తీసి పక్కన పెట్టాడు.
నాలుగు వేల కార్డులు,
ఒక్కో పెట్టెలో ఒకటి, చేత్తో పెట్టిన సంతకం.

మొదటి వందలో
పార్జిటర్‌లోని "ప" నెమలిలా పురి విప్పింది.
ఐదొందలకి తోక రాలింది.
తొమ్మిదొందలకి ఇంటిపేరు పోయి
క్లెమ్ మిగిలాడు.
పదిహేను వందల దగ్గర
ఒక గీత, చివర చిన్న వణుకు,
ఆసుపత్రి యంత్రం కాగితం మీద గీసేలాంటిది.

ఇమోజెన్ పక్కకొచ్చి మెల్లగా అంది:
అభిమానులు పక్కపక్కన పెట్టి చూస్తారు,
తేడాలుంటే గొడవ,
సంతకాల మిషనొకటి ఉంది, ఎవరికీ తెలీదు.

ఆయన ఏమీ అనలేదు.
పెన్నుతో బల్ల మీద నాలుగు దెబ్బలు వేశాడు.
అందరం తలెత్తాం.
ఆ నాలుగూ మాకు తెలుసు,
మా అన్న గది గోడ అవతల నుంచి
నా చిన్నతనమంతా వినబడ్డ నాలుగు.
తర్వాత పెన్ను చెయ్యి మార్చాడు.
"ఇది స్నేర్ చెయ్యి, ఇంకా పలుకుతుంది" అన్నాడు.

ఎడమచేతి అక్షరాలు
బడిలో కొత్తగా చేరిన పిల్లల్లా
ఒకదాని మీదొకటి పడుతూ నిలబడ్డాయి.
ఇమోజెన్ చూసింది. ఫోను తీసుకుని బయటికెళ్ళింది.
అద్దంలోంచి ఆమె పెదాలే కనిపించాయి, చాలాసేపు.
వచ్చి చెప్పింది:
ఎడమచేతి ఎడిషన్. మూడొందలే.
పదిహేను పౌండ్లు ఎక్కువ.

క్లెమ్ నవ్వాడు. ఎంతసేపు నవ్వాడంటే
ఫ్లాస్కు మూతలో టీ ఒలికిపోయింది.

టీ తుడుస్తూ అడిగాను, పాటలెలా ఉన్నాయని.
అప్పటిదాకా ఆ గోడౌనులో ఎవరూ
ఆ ప్రశ్న అడిగిన గుర్తు లేదు.
"ఆరోది విను.
మధ్యలో ఒక దెబ్బ తప్పాను.
సరిచేస్తామన్నారు. వద్దన్నాను."

మొదటి వారం చార్టులో మూడో స్థానం,
కంపెనీ మాకు డోనట్లు పంపింది.
రెండో వారం లిస్టులో లేదు.
ఎక్కడికి దిగింది అనడిగితే
దిగడమేమిటి, లేదంతే, అన్నారు.

ఇంట్లో ఆరోది పెట్టాను.
దెబ్బ తప్పిన చోట
గిటార్లు రెండూ ఒక్క క్షణం
మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టయ్యాయి,
అంతలోనే ఆయన వచ్చి పట్టుకున్నాడు.
సూది వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.
అన్నకి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా,
స్పీకరు ముందు పట్టుకున్నాను.

నాది వాన రంగు.
కొన్నది కాదు,
స్టిక్కరు వంకరపోయిందని ఇచ్చేశారు.