సున్నా కొస

టేపులో సున్నా ఉన్న కొస నాది.
ఇరవై ఆరేళ్లుగా నాదే.
అంకె పుట్టేది రెండో కొసన, సర్వేయరు చేతిలో.
నేను గోడకి బొటనవేలు నొక్కిపెట్టి
"ఆఁ, పట్టుకున్నా సార్" అంటాను.

బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు.
గుంటూరులో చిరునామాలు కూడా భిన్నాలే,
పైన లైను, కింద అడ్డరోడ్డు.
ఆ మూల కోటిరత్నం గారి కాఫీ హోటలు.
ఫుట్‌పాత్ మీద కుర్చీలకి అర్జీ పెట్టుకుంది.
నాలుగు బల్లలు, పన్నెండు కుర్చీలు,
చదరపుటడుగుకి ఏడాదికింతని రుసుము.
చలానా రసీదుకి నాలుగు మూలలా పసుపు రాసి మరీ జతచేసింది.

కుర్చీలు లేనప్పుడు జనం కూర్చోలేదా?
కోచింగ్ పిల్లలు బండి సీటు మీద గ్లాసు పెట్టి
ట్యాంకు మీద లెక్కలు చేసేవాళ్లు.
రిటైరైన హెడ్‌మాస్టరు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ మీద
సగం పేపరు కింద వేసుకుని
సగం చదివేవాడు.
ఇప్పుడా కూర్చోవడానికి పేరొచ్చింది:
బహిరంగ ఆసన సదుపాయం, నమూనా ఏడు.

నడిచేవాళ్లకి ఐదడుగులు వదలాలి. మొదటి షరతు.
ఫణిశయన్ కొలిచాడు. కొత్త కుర్రాడు,
ఎండకి ఇంకా అలవాటు పడలేదు.
నేను ముగ్గుపిండితో గీత పోసుకుంటూ వెళ్లాను.
గీత తిన్నగా పోయి పోయి
నాగూర్‌బీ కుట్టుమిషను కాళ్ల దగ్గర ఆగింది.

జిప్పులు వేస్తుంది నాగూర్‌బీ.
తెగిన బ్యాగు పట్టీలు కుడుతుంది.
పరీక్షల నెలలో ఈ వీధి పిల్లల
పుస్తకాల బరువంతా
ఆవిడ దారం మీదే వేలాడుతుంది.

కోటిరత్నం గారు చెడ్డమనిషి కాదు.
పదకొండింటికి ఆమెకి కాఫీ పంపుతుంది, డబ్బులు తీసుకోదు.
"నేను పొమ్మన్లేదయ్యా, కాయితం అంటోంది" అంది.
కుర్చీలకి అప్పు తెచ్చింది. అదీ నాకు తెలుసు.

నాగూర్‌బీ ఏమీ అనలేదు.
పెడలు మీంచి కాలు తీసి
కొంగు దులుపుకుని లేవబోయింది,
ఎవరో లెమ్మంటారని రోజూ అనుకుంటూనే
కూర్చున్న మనిషిలా.

అంతలో ఫణిశయన్‌కి ఫోనొచ్చింది.
ప్యాడ్ నా చేతిలో పెట్టి నీడలోకి వెళ్లాడు.
పదకొండో గడి. స్థిరమైన అడ్డంకులు.
వాటి చుట్టూ మూడడుగులు ఖాళీ విడువవలెను.

నా చేతికి కలం రావడం
వేళ్ల మీద లెక్క.
స్తంభం: ఒకటి.
చెట్టు: లేదు. కానుగ ఉండేది, పోయినేటి గాలివానకి పడింది.
ఇతరములు:
అక్కడ రాశాను.
ఇనుము. నాలుగు కాళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఉన్నది. కదలదు.

ఫణిశయన్ వచ్చి చదివాడు.
మిషను వంక చూశాడు, నా వంక చూశాడు.
సంతకానికి ముందు 'కదలదు' కింద ఒక గీత గీశాడు.
తప్పని గీశాడో, నిజమని గీశాడో
నేనడగలేదు.

ఒక బల్ల తగ్గింది. మూడు కుర్చీలు లోపలికెళ్లాయి.
"ఆ బల్ల డబ్బులు వెనక్కిస్తారా?" అంది కోటిరత్నం గారు.
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
ఆ రోజు నాకు కాఫీ రాలేదు.

వారం తర్వాత రాత్రి అటు వెళ్లాను.
పసుపు పెయింటు గీత, లోపల బల్లలు, బల్లల నిండా పిల్లలు.
గీత బయట మిషను పట్టా కప్పుకుని
గొలుసుతో స్తంభానికి కట్టుంది.
హెడ్‌మాస్టరు మాత్రం దిమ్మ దిగలేదు.
కుర్చీలో కాఫీ మూడు రూపాయలు ఎక్కువట.

ఈ మంజూరు మార్చి ముప్పై ఒకటి దాకానే.
మళ్లీ కొలవాలి. అప్పటికి పదకొండో గడి
ఉంటుందో, తీసేస్తారో.

టేపు సంచి పట్టీ తెగి చాన్నాళ్లయింది.
మర్నాడు నాగూర్‌బీకి ఇచ్చాను.
రెండు వరసలు కుట్టింది, పళ్లతో దారం తెంపింది,
ఇరవై రూపాయలంది.
ఒక్క రూపాయి తగ్గించలేదు.
బాగుందనిపించింది.