వెండి మీద తప్పు

టోర్కెల్ నా కొట్టుకి వచ్చేది శుక్రవారాలు.
బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని
టోపీ చేత్తో పట్టుకుని
ఆస్పత్రిలో చుట్టాన్ని చూడొచ్చినట్టు.

లుండ్ వీధుల్లో తెల్లారకముందే
మంచు తోసే బండి నడుపుతాడు.
నెలకి ఐదొందల క్రోనాలు నా గల్లాపెట్టెలో,
రెండేళ్ళ ఏడు నెలలుగా,
ఒక్క నాణెం కోసం.

ఎండుటాకంత పల్చన. రెండు గ్రాములు తూగదు.
సిగ్టూనాలో వెయ్యేళ్ళ కిందట కొట్టింది.
రాజుగారి జుట్టు వరసగా దిగేసిన మేకులు,
కళ్ళు రెండు చుక్కలు,
ముక్కు ఉందో లేదో ఆయనకే తెలియాలి.
అంచున ఒక కత్తిగాటు:
ఎవడో వర్తకుడు రాజుని నమ్మక
లోపలా వెండేనా అని గిచ్చి చూశాడు.

చుట్టూ అక్షరాలుండాల్సిన చోట
అక్షరాల్లాంటివి.
ఇంగ్లండు నాణెం ఎదురుగా పెట్టుకుని
చదువురానివాడెవడో అచ్చు చెక్కాడు.
ఒకటి తలకిందులు, ఒకటి అద్దంలో బొమ్మ,
చోటు చాలక ఒకటి సగం,
చోటు మిగిలితే ఊరికే నాలుగు గీతలు.

"ఇదే ధరకి శుభ్రమైనది ఇస్తాను,
రాజు పేరు చక్కగా చదవొచ్చు" అన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
"అది చదవడానికి మీరంతా ఉన్నారుగా."

ఆఖరి వాయిదా నాడు రశీదు రాసి ముందుకు తోశాను.
కళ్ళజోడు మర్చిపోయాను, చదివి పెట్టమన్నాడు.
కళ్ళజోడు అతని జేబులోంచి తొంగి చూస్తోంది.
చదివాను.

సంతకం దగ్గర
నాలుక పళ్ళమధ్య బిగించి
దిగబడ్డ బండిని లాగినట్టు ఒక్కో అక్షరాన్నీ లాగి లాగి...
చివరిదానికి ముందుది
అటు తిరిగి కూర్చుంది.

"బళ్ళో దీనికి వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు"
అన్నాడు, వాన గురించి చెప్పినంత తేలిగ్గా.
"వీడికేమో రాజు వెండి ఇచ్చాడు."

డబ్బీలో పెట్టివ్వబోతే వద్దన్నాడు.
చెమట తగిలితే నల్లబడుతుందయ్యా అని మొత్తుకుంటున్నా
చొక్కా జేబులో వేసుకుని, పైన ఒకసారి తట్టుకుని
వెళ్ళిపోయాడు. చేతితొడుగులు బల్లమీదే ఉండిపోయాయి.

తెల్లవారుజామున నా గది కప్పుమీద
పసుపు దీపం గిర్రున తిరిగి పోయింది.
లేచాను. లెక్కల పుస్తకం తీసి
బాకీ తీరిందని అతని పేరు రాయబోతే
ఆ అక్షరం ఎటు తిరగాలో
ఒక్క క్షణం
తట్టలేదు.