గుండు సున్నా

యాభై రెండో ఏట మళ్ళీ లెక్కలు మొదలెట్టాను.
ఇమెరెతి కొండల్లో, బొగ్గు గని నోటి దగ్గర
దీపాల గదిలో రాత్రి డ్యూటీ నాది.
దిగేవాడు ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం పట్టుకెళతాడు.
పైకొచ్చినవాడు దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు.
మధ్యలో ఆరు గంటలు
ఖాళీ గూళ్ళూ, పొయ్యి మీద గురగురమనే కెటిలూ, నేనూ.

మంగళవారం సాయంత్రం బడిలో
ఒతార్ మాస్టారు ఇచ్చిన లెక్క:
తనతో తాను గుణించుకుంటే
తనకే ఐదు రెట్లయ్యే సంఖ్యలన్నీ కనుక్కోండి.

రిజిస్టరు వెనక అట్ట మీద చేశాను.
అటు ఎక్స్ ఇంటూ ఎక్స్,
ఇటు ఐదు ఇంటూ ఎక్స్.
అటొకటీ ఇటొకటీ కొట్టేశాను,
చేపకి పొలుసు తీసినంత సులువుగా.
ఐదు మిగిలింది.

నమ్మలేదు.
కొట్టువాడిచ్చిన చిల్లర మూడుసార్లు ఎంచే మనిషిని.
జుంబేర్ తాగనని వేసిన ఒట్లు ఏడేళ్ళు ఎంచి
ఎనిమిదో ఏట తలుపు గడియ వేసిన మనిషిని.
ఐదుని మళ్ళీ దాని చోట కూర్చోబెట్టాను:
అటూ ఇరవై ఐదు, ఇటూ ఇరవై ఐదు.
అనుమానం తీరక నాలుగు పెట్టి చూశాను,
పదహారుకీ ఇరవైకీ పొత్తు కుదరలేదు.
ఆరు పెడితే ముప్పై ఆరూ, ముప్పై.
సరే, ఐదే.
ఆ రాత్రి మొక్కజొన్న రొట్టె
రేగుపండంత పుల్లటి పచ్చడితో రెండు తిన్నాను.

నోటుబుక్కు తిరిగొచ్చింది.
టిక్కు లేదు, ఇంటూ లేదు.
మార్జిన్‌లో ఎర్రగా, చిన్నగా
గుండు సున్నా.

పక్క బెంచీలో లమారా చూడకముందే మూసేశాను.
బస్సులో దారి పొడుగునా
వాన కారే అద్దంతో వాదులాట:
జెండా మారింది, రూబుల్ పోయి లారీ వచ్చింది,
మా వీధి పేరు రెండుసార్లు చెరిపి రాశారు,
అయిదైదులు ఇరవై ఐదు కాదని
ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ అనలేదే!

తెల్లవారుజామున షిఫ్టు దిగింది.
నలభై ఒక్కరు వెళ్ళారు.
వచ్చిన దీపాన్నల్లా గుడ్డతో తుడిచి
నంబరు చూసి గూట్లో పెట్టాను.
పన్నెండు, సరే. ముప్పై మూడు, సరే.
అన్నీ సరే.
తొమ్మిదో గూడు మాత్రం ఖాళీ.
దాని కొక్కేనికి ముర్మాన్ బిళ్ళ
గాలి లేకపోయినా ఊగుతున్నట్టుంది.

నలభై దీపాలనీ మళ్ళీ చూశాను.
ఎంత తుడిచినా, ఎంత మెరిసినా
రాని దీపం సంగతి వాటికేం తెలుసు?

పన్నెండు నిమిషాలకి వచ్చాడు,
తెగిన బూటు తాడునీ, దాన్ని కుట్టినవాడి వంశాన్నీ తిడుతూ.
నేనూ తిట్టాను. బిళ్ళ చేతిలో పెట్టి
అతని చెయ్యి కొంచెంసేపు వదల్లేదు.

అప్పుడు కూర్చుని నోటుబుక్కు తెరిచాను.
సంఖ్యలన్నీ, అని ఉంది. అన్నీ.
ఐదు వచ్చిందో లేదో చూశానే గానీ
రానిదెవరో అడగలేదు.
మార్జిన్‌లోని ఎర్ర సున్నాని తెచ్చి
ఎక్స్ చోట కూర్చోబెట్టాను.
సున్నా సున్నాలు సున్నా.
ఐదు సున్నాలు సున్నా.
అటూ ఇటూ ఏమీ లేదు,
తక్కెడ మాత్రం నిలబడింది.

మొదటి వరుసలోనే కొట్టేశాను దాన్ని,
ఎక్స్ అన్న ముసుగు కింద ఎవరున్నారో
ఎత్తి చూడకుండా.

తరవాతి మంగళవారం అందరూ వెళ్ళాక అడిగాను:
"మాస్టారూ, ఇది మార్కా? జవాబా?"
ఒతార్ కళ్ళజోడు తీసి, స్వెట్టరు అంచుతో తుడిచి,
నా పేజీని చాలాసేపు చూసి
నవ్వకుండా అన్నాడు:
"పెన్ను రాయడం లేదమ్మా. గీసి చూశాను."

ఆ మాటొక్కటీ
నేనింకా సరిచూడలేదు.