హిలావో

"ఏం పని చేస్తరు మేడమ్?" అన్నాడు ఆటో అతను.
"చూపు మీద."
మెహదీపట్నం సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి
కింది రెప్ప లాగి చూపించాడు:
"మూడ్రోజుల సంది ఎర్రగుంది, జర చూడుండ్రి."
కంటి డాక్టర్ని కాదు భాయ్.
రాత్రి దిండుకి ఆనించే తల వెనక భాగం ఉందే,
అక్కడేం జరుగుతుందో లెక్కలు కట్టేదాన్ని.
జాలిపడి పది రూపాయలు వదిలేశాడు.

ఇరవయ్యారేళ్లు.
నిలువు గీతకి పలికే న్యూరాను
అడ్డగీత ఎదురైతే నోరు మెదపదు.
ఆ మొండితనానికి సమీకరణం రాయడంతో మొదలైంది.
ఒక కణం. తర్వాత వంద. తర్వాత గదినిండా.
కరెంటు కోతల మే నెలల్లో
జనరేటరు మీద నడిచే ఏసీ యంత్రానికి,
పరీక్ష అట్ట నాకు.

దానికి ఊరంతా ఫొటోలు తీసి పెట్టాను.
జామకాయల బండి, బక్రీదు ముందు మేకలు, సున్నం గోడలు.
అంచులన్నీ పట్టేసేది.
మేక ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలవుతుందో మాత్రం
చెప్పలేకపోయేది.
నా మొదటి విద్యార్థి అనంతశయనం
ఇప్పుడు గచ్చిబౌలిలో
బండి నంబర్లు చదివే పెట్టెలు చేస్తాడు. మంచి జీతం.
పెట్టె తప్పు చదివినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తాడు.

నఫీసాకి పదకొండేళ్లు. షాహీన్‌నగర్.
పుట్టుకతో శుక్లాలు. కట్లు విప్పి పన్నెండు రోజులు.
బల్ల మీద స్టీలు గ్లాసు, దాని నీడ, ఒక నీలం దువ్వెన.
ఎన్ని ఉన్నాయమ్మా?
"బహుత్."
గ్లాసు మీద మెరుపొకటి, చీకటొకటి,
అంచు మీద కిటికీ ఒకటి, నీడ ఒకటి,
వేలుతో ఒక్కొక్కటీ తాకబోతూ లెక్కపెట్టింది.
నా యంత్రం చేసే తప్పే,
పొల్లు పోకుండా.

నా పెన్ను ఆగిపోయింది.
ఆ పిల్ల విసుక్కుంది.
"హిలావో నా!"
గ్లాసుని ఒక్క వేలితో నెట్టాను.
మెరుపూ చీకటీ కిటికీ కలిసి జరిగాయి.
"గ్లాస్!" అంది,
ఇంత చిన్న విషయం నీకు తెలీదా అన్నట్టు.

ఆ రాత్రి యంత్రానికి ఫొటోలు మానేసి
సినిమా చూపించడం మొదలుపెట్టాను.
గోడ ముందు నుంచి మేక నడిచిపోతుంది, అంతే.
ఎనిమిది నెలలు పట్టింది.
ముప్ఫై పేజీల పేపర్లో ఆమె పేరు
"ఎన్., పదకొండేళ్లు, బాలిక".
అంతకుమించి రాయనివ్వరు. నియమం.
మంచి నియమమే, కానీ.

రంజాన్ అయ్యాక మళ్లీ చూపించుకోడానికి వచ్చింది.
మెట్ల దగ్గర ఎండ. కటకటాల నీడలు
మెట్ల మీద ఇంకో వరస మెట్లు పరిచాయి.
ఏది దిగాలో, ఏది ఉత్త నీడో.
వాళ్లమ్మ చెయ్యి పట్టుకోబోతే వద్దంది.
ఆగి, తల అటూ ఇటూ ఊపింది,
బేరం కుదరని మనిషిలా.
ఊపి, దిగిపోయింది.

వెనక నేను.
ఎవరూ చూడట్లేదు కదా అని
ఫైలు చంకలో పెట్టుకుని
నేనూ ఊపాను.